నిన్నటి నీళ్ళు

ఆ ఎండాకాలం మా షాపులో నల్ల కుర్చీలో కూర్చున్న మనిషి ఊరికే లేచి వెళ్ళిన దాఖలా లేదు. కుర్చీ ముందు గుండ్రటి అద్దం, పక్కన చేతులు కడుక్కునే తొట్టి, నెత్తి మీద తెల్లటి లైటు. కళ్ళజోడు స్క్రూ ఊడిందని వచ్చినవాళ్ళని కూడా "బిగించి తెస్తాం, ఈలోగా ఇలా కూర్చోండి, లెన్సులు ఊరికే చూడండి, కొనమనట్లేదు" అంటూ అందులో కూలేసేవాళ్ళం. ఇంక జోడు మా చేతిలో ఉంటుంది. జోడు లేని మనిషికి గుమ్మం ఎటుందో కనపడదు. లేచి ఎక్కడికి పోతాడు?

ఈ కిటుకు మా మేనేజరుది. ఆయన్ని చాటున జిగురు సారు అనేవాళ్ళం. అంటుకుంటే వదలడని. అలాగని ఎవరి మీదా గొంతు పెంచింది లేదు. మాటకి తేనె పూసి అందించేవాడు. "ఇంత చక్కటి కళ్ళు ఇన్నాళ్ళూ ఈ సీసా అడుగుల వెనకాల దాచుకున్నారా?" అనేవాడు. ఆ మాట అరవయ్యేళ్ళ పంతులమ్మతోనూ అన్నాడు, బుర్రమీసాల పోలీసాయనతోనూ అన్నాడు. ఇద్దరూ లెన్సులు పెట్టుకునే వెళ్ళారు.

నేను చేరి అప్పటికి రెండు నెలలు. వానలు పడేలోపు సారు చెప్పినంతమందిని ఆ కుర్చీలోంచి లెన్సులతో లేపితే ఉద్యోగం ఖాయం. లేకపోతే వచ్చిన దారినే పోవచ్చు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మంచి నోరో కాదో తెలీదు గానీ, గడుసు నోరు. వారం తిరక్కుండానే సారుని మించిపోయాను. ముక్కు దగ్గర ఒరుసుకుంటోందని జోడు పట్టుకొచ్చిన టైలరమ్మని గంటన్నర కూర్చోబెట్టి లెన్సులు అంటగట్టిన రోజు, "నిన్ను చూసి నేను నేర్చుకోవాలమ్మా" అన్నాడు సారు. సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంట్లో మేం ముగ్గురం. అమ్మ, నేను, చెల్లెలు చిట్టి. మేడ మీద రెండు గదులు, ఒక వంటిల్లు. అమ్మ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. పగలంతా పరాయివాళ్ళ మరకలు చూసి చూసి, ఇంట్లో మరకన్నది కంటబడితే ఓర్చుకునేది కాదు. అన్నిటికన్నా పెద్ద పట్టింపు నీళ్ళ దగ్గర. తెల్లారి లేవగానే బిందె, కూజా, మంచాల పక్కన సీసాలు, బాత్రూములో బకెట్టు అన్నీ బోర్లించి, పంపుకి గుడ్డ కట్టి మళ్ళీ పట్టేది. "నిన్నటి నీళ్ళు ఇవాళ గొంతు దిగకూడదు" అనేది. ఒకసారి పక్కింటావిడ ఊరెళ్తూ చేపపిల్లల సీసా మా దగ్గర పెట్టి వెళ్తే, అమ్మ అందులో నీళ్ళు కూడా రోజూ మార్చింది. మూడో రోజుకి చేపలు పైకి తేలాయి. "నిలవ నీళ్ళకి అలవాటుపడ్డ ప్రాణాలు మరి" అని చేపల మీదే నెపం వేసింది.

చిట్టికి ఇరవై ఒకటి. జోడు తీస్తే అమ్మకీ బీరువాకీ తేడా తెలీదు. అలాంటిది ఫైర్ సర్వీసులో చేరతానని పట్టుబట్టింది. పరుగు గెలిచింది, తాడు ఎక్కింది, తనంత బరువున్న ఇసక బొమ్మని భుజాన వేసుకుని మూడంతస్తులు దిగింది. మిగిలిందల్లా పొగగది. మొహానికి ముసుగు బిగించుకుని, పొగ నింపిన గదిలోకి వెళ్ళి, గోడ మీద రాసిన అంకె చూసొచ్చి చెప్పాలి. జోడు పెట్టుకుంటే దాని కాడల దగ్గర ముసుగు చర్మానికి అతకదు, సందులోంచి పొగ వచ్చేస్తుంది. ప్రాక్టీసులో దగ్గుకుంటూ బయటికొచ్చిన చిట్టితో, "జోడు తీసి రా, లేదా ఇంటికి పో" అన్నాడట నేర్పే ఆయన. లెన్సులకైతే అభ్యంతరం లేదన్నాడట. అసలు పరీక్ష ఇంకో ఆరు వారాలుంది.

"లెన్సులు పెట్టించుకుంటా" అంది చిట్టి ఆ సాయంత్రం.

"కంట్లో నలుసు పడితేనే ప్రాణం పోతుందే. ఏరికోరి నువ్వే నలుసు వేసుకుంటానంటావేంటే?" అంది అమ్మ.

"నలుసు కాదమ్మా, పొర. నీటిపొరంత మెత్తగా ఉంటుంది. మా షాపులో రోజూ పదిమందికి పెడుతున్నాను, ఒక్కళ్ళైనా తిరిగొచ్చి తిట్టారా?" అన్నాను.

"ఏమోనే పెద్దదానా. మిమ్మల్ని కంటికి రెప్పలా చూసుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆ కంట్లోనే..."

"నేనున్నానుగా!" అన్నాను. షాపులో వందమందితో అన్న మాటే అది. అమ్మ కూడా ఆ వందమందిలాగే మెత్తబడింది.

రెండో రోజు మధ్యాహ్నం చిట్టి షాపుకొచ్చింది. పవర్ చూసే అన్న లోపల గదిలో గడ్డం ఆనించే మిషను ముందు దాన్ని కూర్చోబెట్టి, కంటిగుడ్డు వంపు కొలిచి, నీళ్ళు ఊరడం చూసి, నా వైపు తిరిగాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెప్పిన నాలుగు మాటలూ నిజమే చెప్పేవాడు.

"కొంచెం పొడి కళ్ళు. ఏ రోజుకారోజు వేసుకుని పారేసే రకం ఇవ్వండి. దాచడాలూ కడగడాలూ ఏమీ ఉండవు. ఈ అమ్మాయికి అదే మంచిది" అన్నాడు.

జిగురు సారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మంచిదే, కాదన్లేదు" అన్నాడు. "కానీ అమ్మా, అవి నీ లెక్కలోకి రావు. నెలరోజుల రకమైతేనే నీ పేరు మీద పడతాయి. నీకు ఇంకొక్కటేగా తక్కువ? సొంత చెల్లెలు. నీ చేతుల మీదే చూసుకుంటావు. దానికీ దీనికీ తేడా ఏముంది, రాత్రి డబ్బాలో వేస్తే పొద్దున తీయడమేగా."

నేను పవర్ చూసే అన్న మొహం చూడలేదు. "నెలరోజులవే ఇవ్వండన్నా" అన్నాను.

ఆ మాట మీద చిట్టి నల్ల కుర్చీలో కూర్చుంది. కన్ను మన మాట వినదు, వేలు దగ్గరికొస్తే చాలు రెప్ప మూసుకుపోతుంది. చిట్టి రెప్పలు పట్టి తెరిచాను. పొర జారిపోయింది. మళ్ళీ. చెంప మీద పడింది. మళ్ళీ. గంటకి పైగా నడిచింది. మూడంతస్తులు బరువు మోసిన పిల్ల, ఆ గోరంత పొర ముందు చెమటలు కక్కింది.

"నావల్ల కాదే అక్కా."

"ఎందుక్కాదు? పైకి చూడు. నన్ను చూడకు, లైటు చూడు."

ఎక్కింది. చిట్టి నాలుగుసార్లు రెప్పలార్పి, తల కదపకుండా కళ్ళు మాత్రం అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఒక్కసారి నవ్వేసింది. "అక్కా, అంచుల్లేవే! అటు నువ్వూ ఇటు సారూ ఒకేసారి కనపడుతున్నారే!" నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మకం కోసం తెచ్చుకున్నవి కావు.

అప్పటికి షాపు మూసే వేళయింది. ఇంకా కాగితం మిగిలింది. లెన్సులు తీసుకున్న ప్రతివాళ్ళకీ ఏడు జాగ్రత్తలు ఒక్కొక్కటే చదివి, అర్థమయ్యాయో లేదో అడిగి, పక్కన టిక్కు పెట్టి, కింద నేను సంతకం చెయ్యాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, లెన్సుతో నిద్రపోకూడదు, అలా. ఆరోది: మామూలు నీళ్ళు, తాగే నీళ్ళైనా సరే, లెన్సుకి గానీ డబ్బాకి గానీ తగలకూడదు, సీసాలో మందు మాత్రమే పోయాలి, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పాలి.

"ఇదంతా ఇప్పుడెందుకమ్మా, షట్టర్ దించాలి" అన్నాడు సారు. "ఇంట్లోనే పంతులమ్మ ఉండగా దానికి పాఠం షాపులోనా?"

నిజమే కదా అనిపించింది. ఒక్క గుక్కలో ఏడు టిక్కులు కొట్టి సంతకం పెట్టాను. మందు సీసా, రెండు గుంటల డబ్బా, ఒక మూత తెల్లది, ఒకటి ఆకుపచ్చది, అన్నీ చిట్టి చేతిలో పెట్టాను. రాత్రి ఈ సీసాలోది డబ్బాలో పోసి లెన్సులు అందులో వెయ్యి, పొద్దున తీసి పెట్టుకో అన్నాను. అంతే చెప్పాను. ఇంట్లోనే ఉంటాంగా, మిగతావి ఎప్పుడైనా చెప్పొచ్చు అనుకున్నాను. ఆ 'ఎప్పుడైనా' రానే లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో చెట్టుదే తప్పు.

మొదటివారం అమ్మ ఆ డబ్బా ఉన్న అరమర దరిదాపులకి పోలేదు. అందులో ఉన్నవి కూతురి కళ్ళే అన్నట్టు దూరం నుంచే చూసేది. చిట్టి ముసుగు బిగించుకుని ప్రాక్టీసు గదిలోంచి అంకె చదువుకొచ్చిన రోజు మాత్రం వంటింట్లో చేతులు తుడుచుకుంటూ, "ఇంత చిన్న దాంట్లో ఇంత ఉందా!" అంది. ఆ మర్నాటి నుంచి అరమర రోజూ తుడవడం మొదలెట్టింది. కింద తెల్ల గుడ్డ పరిచింది. నాకు ముచ్చటేసింది.

ఇంకో వారానికి చిట్టి, "పొద్దున పెట్టుకోగానే మండుతోందే అక్కా" అంది.

"కాస్త మండుతుంది. అలవాటవుతుంది."

"మొదట్లో మండలేదే?"

"కళ్ళకి పొడి పెరిగి ఉంటుంది. ఎండలు చూస్తున్నావుగా" అన్నాను అన్నం తింటూ, తలెత్తకుండా. షాపులో అలాంటి జవాబులు నా నాలిక చివరే ఉండేవి.

పరీక్షకి తొమ్మిది రోజులుందనగా కుడి కన్ను ఎర్రబడింది. మర్నాటికి వెలుతురు చూడలేక కిటికీ తెర వేసుకుంది. కన్ను లోపల ఎవరో గోరుతో గీరుతున్నట్టుందని చెప్పింది. చిట్టి నొప్పి గురించి చెప్పే పిల్ల కాదు. తాడు మీంచి జారి అరచేతులు ఊడొచ్చిన రోజు కూడా ఇంటికొచ్చి కందిరీగ కుట్టిందని అబద్ధమాడిన పిల్ల.

నేను షాపుకెళ్ళి సారుని లోపలికి పిలిచి చెప్పాను.

ఆయన మొహంలో తేనె కొంచెం తగ్గింది. తలుపు చేరవేశాడు. "కంగారుపడకు. పడనట్టుంది, అంతే. ఎరుపు తగ్గే చుక్కలు ఇస్తాను, వెయ్యి."

"ఆసుపత్రికి తీసుకెళ్తే?"

"తీసుకెళ్ళు, వద్దన్లేదు. వాళ్ళు మొట్టమొదట చెప్పేదేంటి? లెన్సులు మానెయ్యండి అంటారు. మానేస్తే దాని పరీక్ష?" గొంతు ఇంకా తగ్గించాడు. "రెండోది, డబ్బా ఎలా వాడారు, జాగ్రత్తలు చెప్పారా అని కాగితం అడుగుతారు. కాగితం మీద సంతకం ఎవరిది? నాది కాదు. రెండ్రోజులు చూడమ్మా. నీ ఉద్యోగం కాగితం కూడా రేపో ఎల్లుండో వస్తోంది."

ఆ చుక్కల సీసా తీసుకుని ఇంటికొచ్చాను. చిట్టి కూడా ఆసుపత్రి వద్దంది. "ఈ ఎనిమిది రోజులు గడవనీ అక్కా, తర్వాత ఏమైనా చేసుకో" అని చుక్కలు తనే వేసుకుంది. అది వద్దన్నందుకు నేను ఊపిరి పీల్చుకున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. నా చెల్లెలు నొప్పిగా ఉన్నా వెళ్ళనంటే, నా గుండె తేలికపడింది.

రెండు రోజులూ అలా గడిచాయి. ప్రాక్టీసు వేళకి నొప్పిని పంటికింద నొక్కిపెట్టి లెన్సులు పెట్టుకునేది. అమ్మ పనికెళ్తూ గుమ్మంలో ఆగి చిట్టిని చూసేది, నన్ను చూసేది. "నువ్వున్నావుగా" అనేది.

మూడో రోజు తెల్లారుతూనే మెలకువ వచ్చింది. వంటింట్లో చప్పుడు. అమ్మ రోజూ చేసే పనే చేస్తోంది. బిందె బోర్లించింది. కూజా కడిగింది. తర్వాత అరమర దగ్గరికెళ్ళి, రెండు చేతులతో ఆ డబ్బా పట్టుకొచ్చింది. తెల్ల మూత తీసింది, ఆకుపచ్చ మూత తీసింది. వేలు అడ్డం పెట్టి, పొరలు జారిపోకుండా, లోపలున్నది తొట్టిలో వొంపేసింది. పంపుకి కట్టిన గుడ్డలోంచి సన్నటి ధారగా రెండు గుంటలూ నింపింది. ఏ మూత దానికే పెట్టి, పైన తడి తుడిచింది.

నన్ను చూసి గొంతు తగ్గించి, "లేచావా?" అంది. "దానికి కళ్ళు మండుతున్నాయంటోంది కదా పాపం. రాత్రంతా నిలవున్న నీళ్ళలో ఉంటే మండవూ? మొన్నట్నుంచి రెండుసార్లు మారుస్తున్నాను."

"ఎప్పట్నుంచి మారుస్తున్నావమ్మా?"

"రెండు మూడు వారాలవుతోంది. ఎందుకే?"

"ఏం లేదు" అన్నాను. ఆ డబ్బా అమ్మ చేతిలోంచి తీసుకుని సంచిలో వేసుకున్నాను. లోపలికెళ్ళి చిట్టిని లేపాను.

"ఇవాళ ప్రాక్టీసుందే" అంది కళ్ళు తెరవకుండా.

"చెప్పులేసుకో. ఆసుపత్రికెళ్తున్నాం."

నా గొంతులో ఏం వినపడిందో మరి, ఎదురు చెప్పలేదు. అమ్మ పనికి సెలవు పెట్టి వెంట వచ్చింది.

కళ్ళ డాక్టరమ్మ గదిలో లైట్లన్నీ ఆపి, చిట్టి కంట్లో పచ్చటి రంగు వేసి, నీలం లైటుతో చాలాసేపు చూసింది. కన్ను మీంచి కొంచెం గీరి గాజుపలక మీద పెట్టి పరీక్షకి పంపింది. లైట్లు వేసి నా వైపు తిరిగింది. చిట్టి కుర్చీలో తడికళ్ళతో ఉంది. అమ్మ గుమ్మం పక్కన సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎరుపు ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగో రోజు."

"నాలుగా! మొదటి రోజే ఎందుకు రాలేదు?" అని, జవాబు కోసం ఆగకుండా, "డబ్బాలో మామూలు నీళ్ళు పోశారా?" అంది.

"లేదు డాక్టర్, సీసాలో మందే పోశాను" అంది చిట్టి.

"ఇది నీళ్ళలో ఉండే, కంటికి కనపడని పురుగు పనిలా ఉందమ్మా. పంపు నీళ్ళు లెన్సుకి తగిలితే వస్తుంది. ఎవరో ఒకళ్ళు పోసుండాలి. ఎవరు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూడలేదు గానీ, అమ్మ చేతిలో సంచి పిడి కదిలిన చప్పుడు వినపడింది.

"నేను" అన్నాను. "పొద్దున్నే డబ్బా కడిగి, నీళ్ళు పోసేదాన్ని."

"మీరేం చేస్తుంటారు?"

"లెన్సుల షాపులో పనిచేస్తాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. అన్నీ పడ్డాను. ఆ తిట్లు నాకు తగినవే. చిట్టి కనపడని కంటితో నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది, అంతే.

పరీక్ష రోజు చిట్టి తెరలు వేసిన గదిలో పడుకుని ఉంది. గంటగంటకీ చుక్కలు. ఇంట్లో ఉన్నంతసేపూ అమ్మ వేసేది, అమ్మ పనికెళ్ళిన వేళ నేను. చుక్క పడగానే చిట్టి మొహం అటు తిప్పేసేది. "తెలిసి తెలిసి ఎలా పోశావే?" అని ఒక్కసారే అడిగింది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. కన్ను దక్కింది. నల్లగుడ్డు మధ్యలో మాత్రం ఆవగింజంత తెల్లమచ్చ మిగిలింది. ఆ కంటితో చూస్తే మనిషి ఉన్నట్టు తెలుస్తుందట, ఎవరో తెలీదట. ఫైర్ సర్వీసు ఆ మచ్చ దగ్గరే ఆగిపోయింది.

నా ఉద్యోగం కాగితం వచ్చింది. జిగురు సారు అందరి ముందూ చప్పట్లు కొట్టించి మిఠాయి పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఒక మెకానిక్ కళ్ళజోడు కాడ విరిగిందని వచ్చి నల్ల కుర్చీలో ఇరుక్కున్నాడు. జోడు నా చేతిలో ఉంది. తీసుకెళ్ళి ఆయన మొహానికి నేనే తగిలించాను, ఒక కాడతోనే. "ముందు గుమ్మం చూసుకోండి. తర్వాత ఈ కాగితం వినండి. విన్నాక కూడా కావాలంటే చెప్పండి" అన్నాను. ఏడూ చదివాను. ఆరోది రెండుసార్లు చదివాను. ఆయన ఓపిగ్గా విని, "నా చేతులు చూశావుగా అమ్మా, గ్రీజు. నాకెందుకివి?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోంచి ఖాళీగా లేచిన మొదటి మనిషి ఆయన. సాయంత్రం సారు తలుపు చేరవేసి చెప్పిన మాటలు ఇక్కడ రాయను. మర్నాటి నుంచి నేను వెళ్ళలేదు.

చిట్టి చుక్కలు తగ్గుతున్న రోజుల్లో ఇంట్లో ఇంకోటి జరిగింది. నేను కాస్త ఆలస్యంగా గమనించాను. అమ్మ పొద్దున్నే లేస్తోంది, స్టవ్వు వెలిగిస్తోంది, గిన్నెలు తోముతోంది. బిందె మాత్రం బోర్లించడం లేదు. కూజా ముట్టుకోవడం లేదు. ఐపోతే నింపుతోంది, అంతే. బకెట్టు అంచున నాచు పట్టింది. ఆ నాచు చూస్తే నాకు భయమేసింది.

మొదటి వాన ఒక మధ్యాహ్నం పడింది. వంటింట్లో ముగ్గురం ఉన్నాం. చిట్టి గోడకి ఆనుకుని కూర్చుంది, మళ్ళీ జోడు పెట్టుకుని, మంచి కన్ను వాన వైపు తిప్పి. అమ్మ మడతలు పెడుతూ పెడుతూ ఆపేసింది.

"పెద్దదానా, డాక్టరమ్మ దగ్గర అబద్ధం ఎందుకు చెప్పావే?"

చిట్టి తల తిప్పింది.

"నువ్వు ఏం లేదన్నావు చూడు, అప్పుడే నాకు భయం పట్టుకుంది. డాక్టరమ్మ నీళ్ళనగానే తెలిసిపోయింది. చెబ్దామని నోరు తెరిచాను. ఈలోగా నువ్వు నేనన్నావు. నన్ను కాపాడావనుకున్నావు. రోజూ దాని కంట్లో చుక్కలేస్తూ తప్పయిపోయిందే అని అందామంటే, నాకు ఆ దారి కూడా లేకుండా చేశావు." అమ్మ చిట్టి వైపు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. సూటిగా చూసే చెప్పింది. "నీళ్ళు మార్చింది నేనే చిన్నదానా. రోజూ పొద్దున. మండుతోందన్నావని రెండుసార్లు. నీ కన్ను నేనే తీశాను."

నేనింక ఊరుకోలేకపోయాను.

"అమ్మకి తెలీదే. అమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. ఏడు జాగ్రత్తలు చదివి నీకు చెప్పి, ఇంట్లోవాళ్ళకి చెప్పి, అప్పుడు సంతకం పెట్టాలి. ఒక్కటీ చదవకుండా పెట్టాను. పారేసే రకం ఇవ్వమని ఆ అన్న చెప్పినా, నా లెక్క కోసం నెలవి ఇప్పించాను. నొప్పి అన్నాక కూడా రెండ్రోజులు ఆగాను, నా ఉద్యోగం పోతుందని. డబ్బా కడిగానని చెప్పుకుంటే ఇవన్నీ ఎవరూ అడగరు కదా. అందుకే చెప్పాను. సగం అమ్మ కోసం, సగం నా కోసం."

ఇది చెప్పేదాకా ఆ సగం సంగతి నాకూ తెలీదు.

చిట్టి మా ఇద్దరినీ చూసింది. ముందు ఒకరిని, తర్వాత తల తిప్పి ఇంకొకరిని. అంచుల్లేని చూపు పోయింది దానికి, ఒకేసారి ఇద్దరం కనపడం. లేచి, బిందెలో గ్లాసు ముంచి నోటి దగ్గర పెట్టుకుంది. ఆగిపోయింది. గ్లాసు వెలుతురుకి ఎత్తి, మంచి కంటితో లోపలికి చూసింది.

"ఇవి ఎప్పటివమ్మా?"

అమ్మ తలొంచుకుంది. "మొన్నటివి."

చిట్టి గ్లాసు తొట్టిలో వొంపేసింది. బిందె ఒక చెవి తను పట్టుకుని, రెండో చెవి వైపు చూపిస్తూ నాతో అంది. నెల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"పట్టు అక్కా. బోర్లిద్దాం. అమ్మా, నువ్వు పంపుకి గుడ్డ కట్టు."